గుంజ తియ్యనియ్యని రాయమల్లు

రాయమల్లు ఎవరింటికి వెళ్ళినా గడపలో ఆగేవాడు. తల పైకెత్తి, ద్వారబంధాన్ని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి విని, అప్పుడు లోపలికి అడుగు వేసేవాడు. పెళ్ళిచూపులకు వెళ్ళిన రోజున కూడా ఇదే పని చేశాడట. "పిల్లగాడు పిల్లను సూస్తలేడు, మన దూలాన్ని సూస్తున్నడని మా నాయిన అన్నడు సారూ" అని అతని భార్య సారవ్వ నాకు చెప్పి పకపకా నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు వినిపించిన రోజులు కూడా ఉన్నాయని చెప్పడానికే ఈ మాట ముందు రాస్తున్నాను. తర్వాత రాయడానికి చోటు దొరకదు.

అతను గోదావరిఖనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైనున్న రాతికప్పు మనుషుల మీద పడకుండా దాని కింద కర్ర గుంజలు నిలబెట్టే పని. బెల్లంపల్లి బొగ్గుబాయిల్లో పని నేర్చుకున్నాడు. ఇక్కడ కొత్త బాయిలు తెరిచినప్పుడు వచ్చిన మొదటి జట్లలో అతనిదొకటి. నేను బడిపంతులుగా బదిలీ అయి వచ్చి అతని వాడకట్టులోనే దిగాను, వాళ్ళకీ నాకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడను కూడా అతను కొట్టి చూసి, "మంచిగనే ఉన్నది, పండుకో పంతులూ" అన్నాడు. మనిషి పొట్టి, మాట తక్కువ, కోపం అంతకన్నా తక్కువ. పెళ్ళి చేసిన బిడ్డ గోదావరి అవతల జైపూర్‌లో ఉండేది. ఇంట్లో మొగుడూ పెళ్ళాలు ఇద్దరే.

టింబర్ జట్టుకు ఒక నియమం ఉంది. దాన్ని వాళ్ళు దేవుడి మాటకన్నా గట్టిగా పట్టుకుంటారు. పాత గుంజ తియ్యాలంటే ముందు దాని పక్కన కొత్త గుంజ నిలబెట్టాలి. కొత్తది బరువు అందుకున్న తర్వాతే పాతదాని మీద సమ్మెట వెయ్యాలి. అది కూడా జట్టు పెద్ద కప్పును కర్రతో కొట్టి, మోత విని, సరే అన్నాకే. వాళ్ళ జట్టుకు పెద్ద ఆగయ్య. ఆయన సరే అనకుండా ఒక్క గుంజ కదిలేది కాదు.

ఆ నియమాన్ని రాయమల్లు జన్మలో ఒక్కసారి తప్పాడు. అదే జట్టులో పనిచేసే సాబిర్ మీద కప్పులోంచి రాతిపలక ఊడిపడింది. పలక ఒక అంచు గుంజకు ఆనుకుని ఉంది, రెండో అంచు సాబిర్ తొడ మీద ఉంది. గుంజ తీస్తే తప్ప పలక దొర్లదు. గుంజ తీస్తే పైకప్పు ఆగదు. "ఆగురా, కొత్తది రానియ్" అని వెనక నుంచి ఆగయ్య అరుస్తూనే ఉన్నాడు. రాయమల్లు సమ్మెట ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. పలక పక్కకు దొర్లింది. సాబిర్‌ను చంకల కింద పట్టి ఈడ్చుకొచ్చాడు. వాళ్ళు నాలుగు బారలు వచ్చారో లేదో వెనక కప్పంతా కూలింది.

పైకొచ్చాక ఆగయ్య అందరి ముందు అతన్ని కడిగేశాడు.

"నన్ను అడిగినవారా? ఎవర్నడిగి తీసినవ్ గుంజ?"

"అడిగే యాళ్ళ యాడున్నది కాకా" అన్నాడు రాయమల్లు. "కింద మనిషున్నడు."

సాబిర్ బతికాడు. ఒక కాలు కురచ అయింది. తర్వాత అతన్ని దీపాల గదిలో వేశారు, దిగేవాళ్ళకు టోపీదీపాలు అందించే పని. రాయమల్లును అప్పటినుంచి అన్న అని పిలిచేవాడు. రంజాన్‌నాడు మొదటి గిన్నె సేమ్యా అతని ఇంటికే వచ్చేది.

డెబ్బై ఒకటో సంవత్సరం బతుకమ్మ పండుగ అయిపోయిన రోజుల్లో రాయమల్లు చెప్పు పోయింది. పోవడమంటే ఎవరూ ఎత్తుకుపోలేదు. బజారు నుంచి ఇంటికి ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి ఉత్తగా నడిచొచ్చాడు. "చెప్పు ఏదయ్యా" అని సారవ్వ అడిగేదాకా అతనికి తెలియదు. ఆమె తిట్టుకుంటూ వెళ్ళి దారిలోంచి తెచ్చింది. మేమంతా నవ్వాం. రెండోసారి పోయినప్పుడు కూడా నవ్వాం.

తర్వాత ఛాతీ కింద చుట్టూ ఎవరో తాడుతో బిగించి కట్టినట్టుందని అనడం మొదలుపెట్టాడు. కాళ్ళు కర్రల్లా బిగుసుకుంటున్నాయన్నాడు. ఒకరోజు బాయిలో టోపీదీపం ఆరిపోతే నిలబడ్డవాడు నిలబడ్డట్టే పక్కకు ఒరిగి పడ్డాడు. వెలుతురుంటే నడుస్తాడు, చీకట్లో పడిపోతాడు. నేల ఎక్కడుందో కళ్ళు చెప్తే తప్ప కాళ్ళకు తెలియడం లేదు. కొందరు కల్లు ఎక్కువైందన్నారు. అతను తాగడని తెలిసినవాళ్ళు మెదడుకు ఏదో సోకిందన్నారు. మనిషి బాగలేడంటే చాలు, మా వాడకట్టులో ప్రతివాడూ డాక్టరే. నాకు వాళ్ళందరి మీదా ఒళ్ళు మండేది.

ఒక పొద్దున సారవ్వ కాళ్ళు కడుక్కోమని నీళ్ళు తోడి పెట్టింది. మరిగిన నీళ్ళు, చల్లనీళ్ళు కలపడం మరిచిపోయింది. అతను పాదం అందులో పెట్టి, బీడీ వెలిగించుకుని, నాతో మాట్లాడుతూ కూర్చున్నాడు. తోలు ఊడి నీళ్ళలో తేలిన తర్వాత నేనే చూశాను. సారవ్వ పరుగున వచ్చి ఆ నీళ్ళు పారబోసింది. అతను మాత్రం ఆ పాదాన్ని పైకెత్తి అది ఎవరిదో అన్నట్టు చూశాడు.

కంపెనీ దవాఖాన డాక్టరు గుండుసూదితో పాదాల నుంచి పైకి పొడుచుకుంటూ వచ్చి, ఛాతీ కింద ఒకచోట రాయమల్లు "అబ్బ" అనగానే ఆపాడు. ఇక్కడ తేలేది కాదు, వెంటనే పట్నం పెద్ద దవాఖానకు వెళ్ళమన్నాడు. రాయమల్లు, సారవ్వ, తోడుగా సాబిర్, ముగ్గురూ రామగుండం స్టేషన్లో బండెక్కారు. పట్నంలో జరిగినదంతా సాబిర్ నాకు ఎన్నోసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఏదో మారుతుందేమోనని విన్నాను.

తలకాయ ఫోటో తీశారు. వెన్ను ఫోటో తీశారు. నడుములో సూది గుచ్చి లోపలి నీళ్ళు తీశారు. తర్వాత అదే సూదిలోంచి ఏదో మందు ఎక్కించి, బల్లకు కట్టేసి, బల్లను తల కిందికి వంచి మళ్ళీ ఫోటోలు తీశారు. తర్వాత ఒక రోజంతా రాయమల్లు తలపోటుతో కళ్ళు తెరవలేదు.

పట్నం డాక్టరు మంచివాడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికితే మాకందరికీ సుఖంగా ఉండేది. ఆయన ఫోటోలను వెలుగు పెట్టెకు తగిలించి, రాయమల్లునే దగ్గరకు పిలిచి చూపించాడు.

"తలలో ఏం లేదు. తల బాగుంది. ఇవి వెన్నుపూసలు, ఒకదాని మీద ఒకటి. ఎముకలు కూడా బాగున్నాయి. ఇదిగో, కింద తెల్లగా కనిపిస్తోందే, అది మేం ఎక్కించిన మందు. నిన్ను తలకిందులు చేసినప్పుడు అది మెడదాకా జారాలి. ఇక్కడ, ఛాతీ వెనక, ఆగిపోయింది చూడు."

"దారి మూసుకపోయింది" అన్నాడు రాయమల్లు.

"అంతే. నడుములోంచి తీసిన నీళ్ళు తేటగా ఉండాలి. నీవి పచ్చగా వచ్చాయి."

"బాయిల పాతబడ్డ గల్లీల నీళ్ళు గట్లనే పచ్చగయితయి సార్. అవతలికి తొవ్వ లేకపోతె."

డాక్టరు సంతోషించాడట. ఇంత తొందరగా అర్థం చేసుకున్న రోగిని చూడలేదని పక్కనున్న చిన్న డాక్టరుతో అన్నాడట. అర్థమైందనుకున్నాడు కాబట్టి మిగతాది తొందరగా చెప్పాడు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

"లోపల గడ్డ ఉంది. చింతగింజంత ఉండొచ్చు. చూస్తే పాకే రకంలా లేదు. అది నరాన్ని నొక్కుతోంది, అందుకే కాళ్ళు తెలియడం లేదు. వెనకవైపు రెండు మూడు ఎముకలు కొంచెం తీసి ఆ గడ్డ తీసేస్తాం. ఇంకా నడుస్తున్నావు కాబట్టి ఆశ ఉంది. ఆలస్యం చేస్తే మాత్రం రెండు కాళ్ళూ పోతాయి. పోయాక నేను తేలేను."

రాయమల్లు ఫోటో మీద ఆ ఎముకలున్న చోట అలవాటు కొద్దీ గోటితో రెండుసార్లు కొట్టాడు.

"ఎముకలు మంచిగున్నయన్నరు గద సార్."

"బాగున్నాయి."

"మంచిగున్నయే తీస్తరా?"

"తీయకపోతే లోపలికి చెయ్యి పోదు కదా."

"తీసినకాడ మళ్ళ ఏం నిలబెడ్తరు?"

"ఏం పెట్టం. అవసరం లేదు."

రాయమల్లు ఫోటో మీది నుంచి వేలు తీసేశాడు. మూసుకుపోయిన దారి అర్థమైంది, పచ్చబడ్డ నీళ్ళు అర్థమయ్యాయి. మంచి గుంజలు తీసేసి, వాటి చోట ఏమీ నిలబెట్టకుండా బయటికొచ్చేవాళ్ళు లోకంలో ఉంటారని మాత్రం అతనికి అర్థం కాలేదు. బాయిలో అలా చేసేది ఒక్కచోటే. ఇక అక్కడ మనుషుల పని లేదు, కూలితే కూలనీ అని వదిలేసే చోట.

"నలుగురిని అడిగి వస్త సార్" అన్నాడు. వారంలోగా రావాలని చెప్పి, ఫోటోలు చేతికిచ్చి, పదే పదే హెచ్చరించి డాక్టరు పంపించాడు.

నలుగురంటే జట్టు. మొదటి షిఫ్టు దిగి వచ్చిన సాయంత్రం రాయమల్లు ఇంటి ముందు అందరూ చేరారు. ఆగయ్యకు మంచం వేశారు. ఆయన ఫోటోను రెండు చేతులతో పొద్దుకు ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. చేతి నుంచి చేతికి అది అందరికీ తిరిగింది. ఒక్కడికీ వెన్నుపూస తెలియదు. కానీ ఒకదాని మీద ఒకటి పేర్చిన దుంగల వరస ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, అది అచ్చం అలాగే ఉంది. అదే కొంప ముంచింది.

"గిదంత పేర్పు" అన్నాడు ఆగయ్య. "మనిషి బరువంత దీని మీదనే ఉన్నది. నడుమ మూడు తీసి ఉత్తగ ఇడిశిపెడ్తడా?"

"అట్లనే అన్నడు కాకా" అన్నాడు రాయమల్లు.

"కొత్తయి?"

"పెట్టడట."

ఎవరో నాలుక చప్పరించారు. ఆ చప్పుడుతో సగం తీర్పు అయిపోయింది. నేను ఉండబట్టలేక, డాక్టర్లు రోజూ చేసే పనే కదా, తీస్తే కూలేదైతే వాళ్ళు తీయరు కదా అన్నాను.

"పంతులూ, నువ్వు ఎప్పుడన్న బాయి దిగినవా?" అని అడిగాడు ఆగయ్య. వెక్కిరింపు లేదు, నిజంగానే అడిగాడు. దిగలేదన్నాను. అంతటితో నా మాట ముగిసింది.

సారవ్వ గడపలో నిలబడి ఉంది. "కాళ్ళు పోతయన్నడు గద ఆ డాక్టరు" అంది. "అందరు గుంజలు గుంజలంటున్నరు. కాళ్ళ ముచ్చట ఎవ్వరు తీస్తలేరు."

"కాళ్ళు పోతె కూసుంటడు బిడ్డా" అన్నాడు ఆగయ్య మెల్లగా. "ఎన్నుపూసే కూలితె ఏమయితడు?"

సాబిర్ కురచకాలు చాపుకుని ఒక మూలన కూర్చున్నాడు. "డాక్టర్ సాబ్ మంచోడే అన్నా, ఓసారి మళ్ళ పోయి అడుగుదాం" అన్నాడు. అడగడానికి ఇంకేముందని జట్టులో ఒకడన్నాడు. సాబిర్ ఊరుకున్నాడు. ఒకరి చెడు కోరే మనిషి ఆ సాయంత్రం అక్కడ లేడు. ఆ జట్టు మాట వినబట్టే కదా అంతమంది రోజూ ప్రాణాలతో పైకొస్తున్నారు. అందుకే నాకు ఇప్పటికీ ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియదు, తెచ్చుకోకుండానూ ఉండలేను.

రాయమల్లు మళ్ళీ పట్నం పోలేదు. వెన్నుకు ఊతం కావాలన్నారు. గట్టి చెక్కబల్ల చేయించి దానిమీద పడుకోబెట్టారు. వెదురు దబ్బలు వరసగా కుట్టిన పట్టీ నడుముకూ ఛాతీకీ బిగించారు. జట్టువాళ్ళే చేశారు, చాలా పనితనంగా చేశారు. కంపెనీ డాక్టరు వచ్చి చూసి, తిట్టి, బతిమాలి వెళ్ళాడు. ఫోటోలు గూట్లో పడి ఉండేవి. సారవ్వ వాటిని తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేది.

మొదట గోడ పట్టుకుని నడిచాడు. తర్వాత సారవ్వను పట్టుకుని నడిచాడు. తర్వాత కాళ్ళు వాటంతటవే ముడుచుకుని ఎగిరేవి, అతను వాటిని చేతులతో పట్టి చాపుకునేవాడు. ఆ ఏడు మాఘమాసంలో సమ్మక్క జాతర వచ్చింది. అతని ఎత్తు బెల్లం ఇస్తానని సారవ్వ మొక్కుకుంది. మా దగ్గర దాన్ని బంగారం అంటారు. ఎడ్లబండిలో పరుపు వేసి గోదావరి ఒడ్డున జాతర జరిగే చోటికి తీసుకెళ్ళాం. అందరూ వచ్చి తక్కెడలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటున్నారు. రాయమల్లును సాబిర్, నేను ఎత్తి కూర్చోబెట్టాం. కాళ్ళు తక్కెడలోంచి జారి నేల మీద ఈడ్చుకుంటున్నాయి. సారవ్వ వాటిని ఎత్తి పళ్ళెంలో సర్దింది. మళ్ళీ జారాయి. వెనక వరసలో ఉన్నవాళ్ళు జల్ది కానియ్యమన్నారు. చివరికి ఆమె ఆ రెండు పాదాలనూ తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాళ్ళ బరువు తక్కెడకు అందలేదు. మొక్కు పూర్తి కాలేదేమోనని ఆమె దారంతా ఏడ్చింది.

ఎండలు ముదిరేసరికి ఆ మిగిలిన కాస్త కదలికా పోయింది. ఒక పొద్దున లేచేసరికి ఛాతీ కింద మనిషి లేడు. మూత్రం రావడం తెలియదు, ఆగడం తెలియదు. చెక్కబల్ల మీద పడుకోబెట్టిన వీపు కింద పుండ్లు పడ్డాయి. సారవ్వ రోజంతా అతన్ని ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పేది, కడిగేది, మళ్ళీ తిప్పేది. గోడ ఇవతలికి ఆ వాసన వచ్చేది. ముక్కు మూసుకోవడానికి సిగ్గేసి నేను అక్కడే కూర్చుని అన్నం తినేవాణ్ణి.

అప్పుడు సాబిర్ ఎవరినీ అడగలేదు. బండి మాట్లాడి తెచ్చి, రాయమల్లును ఎత్తి అందులో వేసి, పట్నం తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

డాక్టరు మమ్మల్ని గుర్తుపట్టాడు. రాయమల్లు కాళ్ళు పట్టుకుని వంచి చూశాడు, సూదితో పొడిచి చూశాడు. ఎక్కడా "అబ్బ" రాలేదు. ఆయన కుర్చీలో కూలబడి, ఎందుకు రాలేదని అడిగాడు. సాబిర్ చెప్పాడు. గుంజల సంగతి, జట్టు సంగతి, కొత్తవి పెట్టరన్న సంగతి. డాక్టరు అంతా విన్నాడు. తర్వాత పాత ఫోటోనే మళ్ళీ వెలుగు పెట్టెకు తగిలించాడు.

"బరువు మోసేది ముందున్న ఈ లావు ఎముకలయ్యా. వాటిని మేం ముట్టుకోం. తీసేది వెనక ఉన్న పలచటి రేకు. అది బరువు మోయదు, మూతలాంటిది."

"గుంజ గాదు" అన్నాడు రాయమల్లు స్ట్రెచర్ మీది నుంచి.

"కాదు."

"మూత కింద ఏముంటది సార్?"

"నరం. చిటికెన వేలంత ఉంటుంది. వెన్నలా మెత్తగా ఉంటుంది. గడ్డకూ ఎముకకూ నడుమ అది ఇరుక్కుపోయింది. నొక్కుడు పడ్డ కొత్తలో గడ్డ తీస్తే తేరుకుంటుంది. ఇన్నాళ్ళు నలిగాక తేరుకోదు."

రాయమల్లు సాబిర్ వైపు చూశాడు. సాబిర్ తల దించుకుని తన కురచకాలు వైపు చూసుకుంటున్నాడు. ఆ గదిలో వాళ్ళిద్దరికీ ఏదో తెలిసింది. డాక్టరుకు తెలియలేదు, అప్పటికి నాకూ తెలియలేదు.

"తియ్యున్రి సార్" అన్నాడు రాయమల్లు.

"తీస్తాను. ఆ బిగింపు, నొప్పి తగ్గొచ్చు. కాళ్ళు వస్తాయని మాత్రం చెప్పను."

"సమజయింది సార్. తియ్యున్రి."

తీశారు. చింతగింజకన్నా కొంచెం పెద్దగా ఉందట. డాక్టరు చెప్పినట్టే పాకే రకం కాదు, నరానికి అంటుకోకుండా, తొక్కలోంచి బఠాణీ గింజ ఊడినట్టు వచ్చిందట. ఇంత సులువుగా వచ్చే గడ్డలు తక్కువని చిన్న డాక్టరు మాతో అన్నాడు. ఆ మాట చెప్పకపోయినా బాగుండేది. వీపు పుండ్లు కొంచెం మానేదాకా అక్కడే ఉంచుకుని ఇంటికి పంపారు. కాళ్ళు రాలేదు.

మృగశిర వానలు పడుతున్న రోజుల్లో ఆగయ్య చూడటానికి వచ్చాడు. ఆయన అంతకుముందు చాలాసార్లు గడప దాకా వచ్చి వెనక్కి పోయాడు. ఆ రోజు సారవ్వే చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చింది. రాయమల్లు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆనుకోలేదు. పట్టీ లేదు, వెదురు దబ్బలు లేవు, చెక్కబల్లను సారవ్వ ఎప్పుడో పొయ్యిలో పెట్టేసింది. వీపు నిటారుగా ఉంది. పక్కన సాబిర్ కూర్చుని గిన్నెలోంచి అతనికి జావ తాగిస్తున్నాడు.

"ఇటు రా కాకా" అన్నాడు రాయమల్లు. అంగీ పైకెత్తి వీపు చూపించాడు. నడుమ జానెడు పొడుగు కుట్లమచ్చ. "మూడు తీసిండు. కొత్తయి ఏం పెట్టలే. కొట్టి సూడు."

 ఆగయ్య అలవాటు చొప్పున వేలి కణుపుతో ఆ మచ్చకు ఇటూ అటూ మెల్లగా కొట్టాడు. చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"నిలబడ్డదా?"

"నిలబడ్డది బిడ్డా."

"కప్పు కూలలే గద."

"కూలలే."

ఆగయ్య మంచం పట్టె మీద కూర్చున్నాడు. ముసలాయన కళ్ళు తుడుచుకోవడానికి కండువా వెతుక్కుంటే సారవ్వ తన కొంగు అందించింది. బయట వాన జోరుగా పడుతోంది.

"సాబిర్ మీద పలక పడ్డనాడు నేను నిన్ను అడిగిన్నా కాకా?" అన్నాడు రాయమల్లు.

"అడగలె."

"నాకాడికొచ్చెసరికి అడిగిన." అతను తన తొడ మీద కణుపుతో రెండుసార్లు కొట్టి చూసుకున్నాడు. గొంతులో కోపం లేదు. "నాకెరుక లేకపాయె. డాక్టరు కప్పు సంగతి చెప్తున్నడనుకున్న. గడ్డ కింద మనిషున్నడని చెప్తున్నడనుకోలె."

 సాబిర్ చేతిలో జావ గిన్నె అలాగే ఉండిపోయింది. సారవ్వ వచ్చి మొగుడి కాళ్ళు రెండూ ఎత్తి, వాన జల్లు పడకుండా మంచం లోపలికి సర్దింది.